నోటీసు ఇవ్వకుండా నోరు మూయించకండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుల గౌరవనీయ ప్రధాన న్యాయమూర్తులకు, న్యాయమూర్తులందరికీ,



ఒక శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక నా ఫోన్‌కు వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చింది. పంపిన నంబరు ఎవరిదో తెలియదు. తెరిచి చూస్తే ఒకటిన్నర పేజీల కోర్టు ఉత్తర్వు. మొదటి ప్రతివాది నేను ఇరవై రెండేళ్లుగా నడుపుతున్న పక్షపత్రిక, రెండో ప్రతివాదిని నేను. ఒక చెరువు నీళ్ల గురించి ఐదు వారాల కిందట మేం వేసిన కథనాన్ని ఇంటర్నెట్ నుంచి వెంటనే తీసేయాలి, ఆ సంచికను ఇక ఎవరికీ ఇవ్వకూడదు, వాది కంపెనీ పరువుకు భంగం కలిగించే సంగతి ఏదీ తదుపరి ఉత్తర్వుల దాకా రాయకూడదు. ఇదీ అందులోని సారాంశం. నా మీద దావా పడిందని నాకు తెలిసింది ఆ ఉత్తర్వు చదివాకే.

ఆ ఉత్తర్వు ఇప్పటికీ అమల్లో ఉంది. అందుకే ఈ లేఖలో కంపెనీ పేరు లేదు, చెరువు పేరు లేదు, ఊరి పేరూ కోర్టు పేరూ లేవు. నా సొంత దావాలో ఏదో చేయమని మిమ్మల్ని అడగడం లేదు. దాన్ని తేల్చాల్సింది ఆ కోర్టే. కానీ కింది కోర్టుల మీద పర్యవేక్షణను రాజ్యాంగం 227వ అధికరణ ద్వారా మీ చేతుల్లో పెట్టింది. ఎదుటివారి మాట వినకుండా పత్రికల మీద ‘స్టే’ ఇచ్చే అలవాటు మీ పర్యవేక్షణలో ఉన్న కోర్టుల్లో ముదురుతోంది. దాని గురించి మీతో కాక ఇంకెవరితో మాట్లాడాలి?

ముందుగా ఒక చిన్న ప్రశ్న. ఉత్తర్వు చేతికొచ్చిన సాయంత్రానికే నా ఫోన్ నంబరు దొరికినవారికి, ఉత్తర్వు అడగబోయే ముందురోజు అదే నంబరు ఎందుకు దొరకలేదు? ‘ప్రతివాదికి ఎందుకు కబురు చేయలేదు’ అని ఆ కోర్టు వారిని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. మా పత్రిక చివరి పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో సంపాదకుడి పేరు, ముద్రించిన చోటు, ప్రచురించిన చోటు ఉంటాయి. 1867 నాటి చట్టం దగ్గర్నుంచి ఈ దేశంలో ఆ వరుస లేకుండా పత్రిక బయటికి రాకూడదు. రాసిందానికి జవాబుదారీ ఎవరో జనానికి, ప్రభుత్వానికి, కోర్టుకు తెలియాలనే కదా ఆ నియమం పెట్టింది? నూట యాభై ఏళ్లకు పైగా మా చిరునామా మేమే అచ్చేసి పంచుతున్నాం. అయినా మాకు నోటీసు అందదు, ఉత్తర్వు మాత్రం అందుతుంది.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు, మూడో రూలు గురించి మీకు నేను చెప్పేదేముంది? అయితే కోర్టు హాల్లో ఆ రూలుకు ఏ గతి పడుతోందో ప్రతివాదిగా నిలబడినవాడిని కాబట్టి చెప్పనివ్వండి. ఇంజంక్షన్ ఇచ్చే ముందు ఎదుటి పక్షానికి నోటీసు ఇవ్వడం నియమం. నోటీసు ఇచ్చేలోపు అసలు ప్రయోజనమే దెబ్బతింటుందని తోచినప్పుడు మాత్రమే మినహాయింపు, అదీ ఎందుకలా తోచిందో కారణం రాసి. ఆ కారణం రాయడం లాంఛనం కాదని, తప్పనిసరని శివకుమార్ చద్దా కేసులో సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. తెల్లారితే గోడ కూలుస్తారన్నప్పుడు, చెట్లు నరికి లారీకెత్తుతున్నారన్నప్పుడు ఆ మినహాయింపు న్యాయమే. ఐదు వారాలుగా జనం చదివేసిన కథనం విషయంలో ఇంకో మూడు రోజులు ఆగితే చెడిపోయేది ఏమిటి?

నా ఉత్తర్వులో కారణాలు నాలుగే పంక్తులు. కాగితాలు చూశాం, ప్రాథమికంగా కేసు ఉంది, సౌకర్యాల తూకం వాది వైపు ఉంది, ఆపకపోతే తీరని నష్టం. అంతే. మమ్మల్ని పిలవకపోవడానికి కారణం లేదు. మా కథనంలో ఏ వాక్యం అబద్ధమో లేదు. మేం ఆ కథనాన్ని ఒక ప్రభుత్వ ప్రయోగశాల నీటి పరీక్ష నివేదిక ఆధారంగా రాశాం. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి తెచ్చుకున్న నివేదిక అది, మా బీరువాలో ఉంది. పిలిచి ఉంటే చేత్తో పట్టుకొచ్చి న్యాయమూర్తి ముందు పెట్టేవాణ్ని. చూశాక కూడా తప్పు మాదేనని ఆ కోర్టుకు అనిపిస్తే ఆపమనేది, తలవంచుకుని ఆపేవాళ్లం. ఉత్తర్వు తెచ్చుకున్న వాది తన ప్లెయింటు, అఫిడవిట్, జత కాగితాలు వెంటనే ప్రతివాదికి పంపాలని, పంపినట్టు ఆ రోజో మర్నాడో కోర్టులో అఫిడవిట్ వేయాలని కూడా ఆ రూలే చెబుతుంది. నాకు ప్లెయింటు కాపీ చేరింది పందొమ్మిదో రోజున. అన్ని రోజులూ నా మీద ఏం రాశారో తెలియకుండానే ఆ ఉత్తర్వుకు కట్టుబడి ఉన్నాను.

ఇది ఒక్క చిన్న పత్రిక గోడు అనుకోకండి. 2022 ఫిబ్రవరిలో మన రంగారెడ్డి జిల్లా కోర్టు భారత్ బయోటెక్ వేసిన దావాలో ‘ది వైర్’ పత్రిక 14 వ్యాసాలను 48 గంటల్లో తీసేయాలంది. తమకు ముందుగా నోటీసే అందలేదని పత్రిక అప్పుడే చెప్పింది. ఆ వ్యాసాల్లో ఏది నిజమో తేల్చడం నా పని కాదు. దేశమంతటా జనం చేతికి వేయించుకున్న టీకా గురించిన 14 వ్యాసాలను రెండో పక్షం మాట వినకుండానే పక్కన పెట్టవచ్చా అన్నదే నా బాధ. 2025 జూలైలో బెంగళూరు సివిల్ కోర్టు ధర్మస్థల వ్యవహారంలో ఇచ్చిన ఉత్తర్వు కింద తొలగించాల్సిన లింకులు 8,842. ఒక్కొక్కటీ తెరిచి చదవడానికి ఒక న్యాయమూర్తికి ఎన్ని నెలలు పడుతుంది? చదవకుండా పరువు నష్టమని తేల్చడం ఎలా? ఆ ఉత్తర్వును ఒక యూట్యూబ్ ఛానెల్ సవాలు చేస్తే, ఆ ఛానెల్ వరకు కర్ణాటక హైకోర్టు ఆగస్టు 1న కొట్టేసింది.

అదే ఏడాది సెప్టెంబరు 6న ఢిల్లీ రోహిణి కోర్టులో అదానీ సంస్థ దావాలో ఏకపక్ష ఉత్తర్వు వచ్చింది. పదో రోజుకు కేంద్ర సమాచార ప్రసార శాఖ దాన్ని పట్టుకుని 138 యూట్యూబ్ లింకులు, 83 ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు తీసేయమని నోటీసులు పంపింది. 18న జిల్లా న్యాయమూర్తి నలుగురు పాత్రికేయుల విషయంలో ఆ ఉత్తర్వు రద్దు చేశారు. ఆ వ్యాసాలు ఎప్పటి నుంచో జనంలో ఉన్నవే కదా, రాసినవారి మాట విన్నాకే నిర్ణయించాల్సిందన్నది ఆయన చెప్పిన కారణం. మూడో రూలు చెప్పేదీ అదే. అంత తేలికైన మాట వినిపించుకోవడానికి అప్పీలు దాకా ఎందుకు వెళ్లాలి? ఆ నలుగురికి ఢిల్లీలో పేరున్న న్యాయవాదులు దొరికారు. మా జిల్లా కంట్రిబ్యూటర్‌కు ఎవరు దొరుకుతారు?

సుప్రీంకోర్టు దారి చూపలేదా అంటే, చూపింది. బ్లూమ్‌బర్గ్ కథనం మీద జీ సంస్థ వేసిన దావాలో ఢిల్లీ కోర్టు 2024 మార్చి 1న వారంలోగా తీసేయాలంది. ఢిల్లీ హైకోర్టు 14న దాన్నే సమర్థించింది. 22న సుప్రీంకోర్టు రెండింటినీ పక్కన పెట్టి, మళ్లీ మొదటి నుంచి వినమని కింది కోర్టుకు పంపింది. ప్రాథమిక కేసు, సౌకర్యాల తూకం, తీరని నష్టం అన్న మూడు సూత్రాల పేర్లు చదివేస్తే చాలదని, విచారణలో ప్రతివాది వాదన ఎలాగూ నిలవదని స్పష్టంగా తేలే అరుదైన సందర్భాల్లో తప్ప ఏకపక్షంగా ఆపకూడదని, విచారణకు ముందే ఆపడమంటే ఆ రాతకు మరణశిక్ష వేసినట్టేనని అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం చెప్పింది. డబ్బున్నవారు సుదీర్ఘ వ్యాజ్యాలతో జనానికి తెలియాల్సిన సంగతులను తొక్కిపెట్టే ప్రమాదాన్నీ ప్రస్తావించింది. నా ఉత్తర్వు ఆ తీర్పు వచ్చిన తర్వాతిదే. అందులో ఆ తీర్పు ఊసు లేదు. సుప్రీంకోర్టు మాట మండల కేంద్రంలోని కోర్టు బల్ల దాకా చేరేలా చూడాల్సింది ఎవరు?

ఒక్కటి చూపిస్తాను. ఆ ఉత్తర్వు వచ్చిన తర్వాతి ఆదివారం చెరువు కింద రెండెకరాల మాగాణి ఉన్న ఒక పెద్దాయన మా ఆఫీసుకు వచ్చాడు. ఆఫీసంటే మా ఇంటి ముందుగది, ఒక కంప్యూటరు, పాత సంచికల కట్టలు. అరవై దాటిన మనిషి, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు, తెల్లకాగితం మీద ఎవరితోనో రాయించిన అర్జీ, చనిపోయి తేలిన చేపల ఫొటోలు రెండు. మర్నాడు సోమవారం, కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. “మన చెరువు మీద రాసిన్రు గద సారూ, ఆ పేపరొకటి ఇయ్యున్రి, అర్జీకి పెడ్త” అన్నాడు. కట్ట నా కుర్చీ వెనకే ఉంది. ఇవ్వలేకపోయాను. కోర్టు ఇవ్వొద్దన్నదని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగాడు, “కోర్టు మమ్ములనైతే అడగలే గద సారూ?”

నన్నూ అడగలేదని చెప్పాను. కానీ ఆయన ప్రశ్న నా ప్రశ్న కంటే పెద్దదని ఆ రాత్రి నిద్ర పట్టక పడుకున్నప్పుడు అర్థమైంది. నాకు కనీసం ప్రతివాది అన్న హోదా ఉంది. ఇవాళ కాకపోతే రేపు కౌంటర్ వేసుకోవచ్చు. ఆ తూము నీళ్లతో నాటు వేసే మనిషికి ఆ దావాలో ఏ హోదా ఉంది? సౌకర్యాల తూకం అంటారు. తక్కెడకు ఒక వైపు కంపెనీ పేరుప్రతిష్ఠలు పెట్టారు, రెండో వైపు ఏం పెట్టారు? నా పత్రిక అమ్మకాలా? పెట్టాల్సింది ఆయకట్టు కింద బతికేవారికి ఆ నీళ్ల గురించి తెలుసుకునే అవసరాన్ని కదా? రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చిన భావప్రకటన స్వేచ్ఛలో తెలుసుకునే హక్కు కూడా ఉందని మన కోర్టులే ఎన్నోసార్లు చెప్పాయి. ఏకపక్ష ఉత్తర్వు వచ్చిన రోజు ఆ హక్కు తరఫున కోర్టు హాల్లో ఎవరూ ఉండరు. ఎవరూ లేనప్పుడు ఆ పాత్ర న్యాయమూర్తే తీసుకోవాలి. తీసుకున్నారని చెప్పే ఒక్క వాక్యం నా ఉత్తర్వులో వెతికాను, కనిపించలేదు.

ఇక మధ్యంతరం అన్న మాట. ఏకపక్ష ఉత్తర్వు ఇచ్చాక ముప్పై రోజుల్లో ఇంజంక్షన్ దరఖాస్తు తేల్చడానికి ప్రయత్నించాలని, తేల్చలేకపోతే కారణం రాయాలని 3ఎ రూలు చెబుతుంది. తేల్చకపోతే అప్పీలుకు వెళ్లవచ్చని వెంకటసుబ్బయ్య నాయుడు కేసులో సుప్రీంకోర్టు 2000లో చెప్పింది. నా మీద వేసిన దరఖాస్తుకు పద్నాలుగు నెలలు నిండాయి. ఒక వాయిదాకు జడ్జిగారు సెలవు. ఒకదానికి బార్ విధుల బహిష్కరణ. రెండింటికి వాది వకీలు టైమ్ అడిగారు. ఆ తర్వాత జడ్జిగారికి బదిలీ, ఇన్‌ఛార్జి కోర్టు ఇలాంటివి వినదన్నారు. నేను రెండు వందల ముప్పై కిలోమీటర్లు రాత్రి బస్సులో వెళ్లి, బస్టాండు పంపు దగ్గర మొహం కడుక్కుని, డవాలా బంట్రోతు పేరు పిలిచే దాకా వరండాలో నిలబడి, ‘వాయిదా’ అనిపించుకుని తిరిగి వస్తాను. అప్పీలుకు వెళ్లమంటే మళ్లీ ఫీజు, మళ్లీ వకాల్తా. చట్టం నాకు దారి ఇవ్వలేదని అనను. ఆ దారిన నడిచే శక్తి మా పత్రికకు లేదు.

అంత దూరపు కోర్టు ఎందుకంటే, అక్కడ కూడా ఎవరో ఫోన్‌లో మా కథనం చదివారట. నష్టం జరిగిన చోట దావా వేయవచ్చని సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ సెక్షన్ అంటుంది. ఇంటర్నెట్‌లో పెట్టిన రాత ప్రతి ఊళ్లోనూ చదవవచ్చు కాబట్టి ప్రతి ఊరూ నష్టం జరిగిన చోటే అయిపోయింది. మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే కేవియట్ వేసుకోమని మిత్రులు సలహా ఇచ్చారు. 148ఎ సెక్షన్ కింద కేవియట్ 90 రోజులే పని చేస్తుంది. తెలంగాణలోనే 33 జిల్లాలు. ఎవరు ఎక్కడ దావా వేస్తారో తెలియనివాడు ఎన్ని కోర్టుల్లో, ఎన్నిసార్లు వేయాలి? ఒకవేళ చివరికి ఆ దావా వేధింపు కోసమే వేశారని తేలినా, మామూలు సివిల్ దావాలో 35ఎ సెక్షన్ కింద ఇప్పించగల పరిహారం మూడు వేల రూపాయలు దాటదు. నా బస్సు ఛార్జీలకే అంతకు మించి అయింది.

ఖుష్వంత్ సింగ్ ఆత్మకథను 1995లో ఢిల్లీలో ఆపితే, ఆ అడ్డు తొలగింది 2001లో. పుస్తకం కాబట్టి ఆరేళ్ల తర్వాత కూడా చదువుకున్నారు. వార్త అలా నిలవ ఉండదు. చెరువులో ఏం కలుస్తోందో ఈ ఖరీఫ్‌కు తెలియాలి. రెండు పంటలు పోయాక నా ఇంజంక్షన్ ఎత్తేస్తే ఎవరికి లాభం? వార్త విషయంలో మధ్యంతర ఉత్తర్వే చాలాసార్లు చివరి తీర్పు. ఆ ఉత్తర్వు చేతికొచ్చాక దావా త్వరగా తేలాలని వాదికి మాత్రం ఎందుకుంటుంది?

మీ వారసత్వం ఒకటి గుర్తు చేయనివ్వండి. 1994 అక్టోబరులో ‘నక్కీరన్’ వారపత్రిక సంపాదకుడు ఆర్. రాజగోపాల్ కేసులో తీర్పు రాసినది జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. మన ఉమ్మడి హైకోర్టు బల్ల మీద కూర్చుని ఎదిగిన న్యాయమూర్తి. మరణశిక్ష పడిన ఆటో శంకర్ జీవితకథలో తమ పేర్లు బయటపడతాయని అధికారులు భయపడి, ఆ రాతను అచ్చు కానివ్వకూడదనుకున్నారు. ముందే ఆపే అధికారం ప్రభుత్వానికీ లేదు, అధికారులకూ లేదు, అబద్ధమైతే అచ్చయ్యాక దావా వేసుకోవచ్చు అని ఆయన రాశారు. దేశమంతా న్యాయ విద్యార్థులు ఇప్పటికీ ఆ తీర్పు చదువుతున్నారు. ఆ తీర్పు రాసిన మనిషి కూర్చున్న హైకోర్టు పరిధిలోనే ఒక సంపాదకుడి మాట వినకుండా నోరు కట్టేయడం సులువైపోతే, మీ మనసుకు కష్టంగా లేదా?

మా వృత్తిలో దొంగలు లేరని నేను అనను. యాడ్ ఇవ్వకపోతే రాస్తామని ఆసుపత్రులను బెదిరించేవారు, చేతిలో లోగో మైకు పట్టుకుని ఇసుక లారీలు ఆపి వసూళ్లు చేసేవారు మా జిల్లాలోనే ఉన్నారు. వారి చేతిలో నలిగినవారి పక్షాన కోర్టు ఉండాలి. ఒక ఆడపిల్ల ఆంతరంగిక చిత్రాలు ఎవడో బయటపెడితే ఎదుటివాడి కోసం ఒక్క గంట కూడా ఆగనక్కర్లేదు, అక్కడ ప్రజలకు తెలియాల్సింది ఏమీ లేదు. పరువు పోయిన మనిషికి విచారణ తర్వాత గట్టి పరిహారం ఇప్పించగలరని కూడా తెలుసు. ఒక కుంభకోణం వార్తలో పొరపాటున జస్టిస్ పి.బి. సావంత్ ఫొటో వేసిన ఇంగ్లిష్ ఛానెల్ మీద పుణె కోర్టు 2011లో 100 కోట్లకు డిక్రీ ఇచ్చింది. ఆ మొత్తం ఎక్కువా తక్కువా అన్న చర్చ ఎలా ఉన్నా, అది ఇరుపక్షాలకూ అవకాశమిచ్చిన దావా. నన్నూ అలాగే విచారించండి. తప్పు రాశానని తేలితే ముద్రణ యంత్రం అమ్మైనా కడతాను. విచారణ కంటే ముందు శిక్ష వద్దని మాత్రమే అంటున్నాను.

మీరు చేయగలిగింది చాలా ఉంది, కొత్త చట్టం కూడా అక్కర్లేదు. సివిల్ ప్రొసీజర్ రూల్స్ సవరించే అధికారం 122వ సెక్షన్ కింద మీకే ఉంది. అంతకంటే ముందు ఒక సర్క్యులర్ చాలు. అచ్చయిన వార్త మీద ఇంజంక్షన్ కోరేవారు, పత్రికలో ఉన్న చిరునామాకు, ఈమెయిల్‌కు, ఫోన్‌కు రెండు రోజుల ముందు దరఖాస్తు పంపినట్టు రుజువు జత చేస్తేనే ఫైలింగ్ సెక్షన్ దాన్ని నంబరు చేయాలని చెప్పండి. వినకుండా ఆపక తప్పదనుకుంటే ఏ వాక్యం, ఎందుకు, ఎన్ని రోజులు అన్నది ఉత్తర్వులో కనిపించాలని చెప్పండి. ‘పరువుకు భంగం కలిగించేది ఏదీ రాయకూడదు’ అన్న గంపగుత్త ఆంక్ష వద్దు. ఏది భంగమో, ఏది కాదో ప్రతి సంచికకూ నేను ఎవరిని అడిగి రాయాలి? ముప్పై రోజుల గడువు దాటిన ఏకపక్ష ఉత్తర్వులు ఏ కోర్టులో ఎన్ని ఉన్నాయో నెలనెలా జిల్లా జడ్జీల నుంచి తెప్పించుకోండి. కేసుల లెక్కలు ఇప్పటికే అడుగుతున్నారు, వాటిలో ఇదొక గడి. జ్యుడీషియల్ అకాడమీలో కొత్త జూనియర్ సివిల్ జడ్జీలకు బ్లూమ్‌బర్గ్ తీర్పును, రాజగోపాల్ తీర్పును పక్కపక్కన పెట్టి చదివించండి. కింది కోర్టు జడ్జిగారి మీద నాకు కోపం లేదు. రోజుకు వంద కేసుల జాబితా ముందు పెట్టుకున్న మనిషికి, పేరున్న సీనియర్ వకీలు వచ్చి గట్టిగా అడిగితే ఆగి ఆలోచించే తీరిక ఎక్కడిది? ఆ తీరిక నియమంగా మీరు ఇవ్వాలి.

నా వాయిదా వచ్చే నెల పదిహేడున. కొత్త జడ్జిగారు వచ్చారని, ఈసారి వింటారేమోనని మా వకీలు అన్నారు. రాత్రి బస్సుకు టికెట్ తీశాను. నిన్న ఆ పెద్దాయన ఫోన్ చేశాడు. ఈసారి పేపరు అడగలేదు, నాతోపాటు కోర్టుకు వస్తానన్నాడు. చేపల ఫొటోలు కూడా తెస్తాడట. ఆయన వాది కాదు, ప్రతివాది కాదు, సాక్షుల జాబితాలోనూ లేడు. వస్తే ఆయన ఎక్కడ నిలబడాలో, ఆయన మాట ఎవరు వినాలో దయచేసి మీరు చెప్పండి.

భవదీయుడు,
ఒక పక్షపత్రిక సంపాదకుడు